గోడల వదిన

ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీశానా లేదా అని, వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి రాని రోజు ఆవిడ జీవితంలో లేదు. ఇస్త్రీ దుకాణం ఆవిడదే. చేతిలో చొక్కా మడత చెదరదు గానీ, మనసులో మాత్రం ఎప్పుడూ ఏదో ఒక బెంగ.

మరిది నేర్పిన కంప్యూటర్ యుద్ధం ఆటలోనూ అంతే. అందులో పాతకాలపు రాజ్యాలు, ఏనుగులు, గుర్రాలు. ఎవరి రాజభవనం ముందు కూలితే వాళ్ళు ఓడినట్టు. ఆవిడ గోడ మీద గోడ కట్టేది. శత్రువొచ్చాడని బూర మోగితే చాలు, ఎక్కడెక్కడి సైన్యాన్నీ కోటలోకి లాగేసేది. అందుకే మరిది "గోడల వదిన" అని పేరు పెట్టాడు. ఆ పేరు దుకాణానికి ఎదురుగా ఉన్న గేమ్ సెంటర్ దాకా పాకింది. ఆవిడ పైకి నవ్వేది గానీ, లోపల ఒళ్ళు మండిపోయేది.

పేటల మధ్య పోటీ వచ్చింది. సెంటర్ జట్టులో ఒక్క కుర్చీ మిగిలింది. మరిది ఇదివరకే ఆ జట్టులో ఆడాడు, ఈసారీ ఆ కుర్చీ తనదే అనుకున్నాడు. ఆవిడకైతే ఇస్త్రీబల్ల ముందు నిలబడటమే తప్ప, తనకంటూ ఒక కుర్చీ ఎన్నడూ లేదు. అది దక్కాలని ప్రాణం కొట్టుకుంది.

"ఇద్దరూ ఆడి తేల్చుకోండి," అన్నాడు సెంటర్ యజమాని.

మరిది ఏనుగులన్నిటినీ ఆవిడ గోడల మీదకి తోలాడు. తన కోటకి ఒక్క కాపలావాణ్ణి కూడా ఉంచలేదు. వదిన గడప దాటదని అంత ధీమా.

బూర మోగింది. సైన్యాన్ని వెనక్కి లాగమని ఆవిడ వేళ్ళు ఒకటే పోరు, అచ్చం ప్లగ్గు బెంగలాగే. అంత కష్టపడి కట్టుకున్న గోడలు కూలుతుంటే ఏడుపొచ్చింది. పోతే పోనీ అనుకుని, మరిది కోట వైపు పంపిన గుర్రాల్ని అడవిదారిన ముందుకే నడిపింది.

"వదినా, నీ కోట పోతోంది, చూసుకో!"

"చూస్తున్నాలే. నీ కోట సంగతేంటి నాయనా?"

అప్పుడు చూసుకున్నాడు. గుర్రాలు అతని రాజభవనాన్ని చుట్టేశాయి. ఏనుగుల్ని తిప్పబోయాడు గానీ, అవి తిరిగి కదిలేసరికి భవనం కాస్తా నేలమట్టం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇల్లు కూలుతున్నా లెక్కచేయక రచ్చ గెలిచింది ఈ మహాతల్లి! సెంటరంతా ఒకటే ఈలలు.

"గెలిచాను! నేనే గెలిచాను!" అని ఆవిడ కుర్చీలోంచి లేచి అరిచింది. మరుక్షణం మళ్ళీ అందులోనే దర్జాగా కూర్చుంది.

మరిది మొహం మాడిపోయింది, కాసేపే. ఇద్దరూ కలిసే ఇంటికి బయల్దేరారు. వీధి చివర ఆవిడ కాళ్ళు అలవాటుగా ఆగాయి.

"ప్లగ్గేగా? నే చూసొస్తాలే," అన్నాడు మరిది. "పోటీ రోజున దుకాణం కూడా నేనే చూసుకుంటా. నువ్వు పద."

ఆవిడ వెనక్కి చూడకుండా నడిచింది.