ఓడ డాక్టరు చెప్పిన వైద్యం

నా కోతల్లో నేను పుట్టించిన మనుషులెవరూ ఎవరికీ హాని చెయ్యలేదు. ఒక్క ఓడ డాక్టరు తప్ప.

డెబ్బైల చివర్లో విశాఖ పోర్టు వర్క్‌షాపులో ఫిట్టర్‌గా ఉండేవాణ్ణి. మధ్యాహ్నం కేరియర్లు విప్పే వేళకి అందరూ నా చుట్టూ చేరేవారు, కూరల కోసం కాదు, కోతల కోసం. ఇనుప ఖనిజం ఎక్కించుకోడానికి వచ్చిన ఓడల్లో నేను చూసినవీ, చూడనివీ, చూడ్డానికి వీల్లేనివీ చెప్పేవాణ్ణి. అందరికన్నా గట్టిగా నవ్వేవాడు నా పక్క బెంచీ ఫిట్టరు. చీపురుపల్లి వైపు పల్లె నుంచి వచ్చి గోపాలపట్నంలో కాపురం పెట్టాడు. చుట్టరికం లేకపోయినా బావా అంటే బావా అనుకునేవాళ్ళం.

ఒకరోజు అతను నవ్వుతుండగా చెవి దగ్గర టక్‌మని చప్పుడైంది. నాకూ వినపడింది.

"ఏటి బావా అది?"

"ఈ మజ్జ ఇలగే అవుతంది. నవిల్తే నొప్పి. పొద్దున్న లెగిసేసరికి దవడలు రాయిలాగుంటన్నాయి."

అక్కడ నేను నోరు మూసుకోవాల్సింది. కానీ పదిమంది నా వైపే చూస్తున్నారు. ఓ విదేశీ ఓడలో డాక్టరుతో కూర్చుని టీ తాగాననీ, నోరు పట్టేసిన ఓడ వంటవాడికి ఆయన నా కళ్ళముందే నయం చేశాడనీ మొదలుపెట్టాను.

"దవడంటే తలుపు బందే బావా. పట్టేసిన బందుని ఏటి సేత్తాం? ఆడిత్తాం. రోజుకి వందసార్లు నోరు బార్లా తెరు. పీసున్నవి గట్టిగా నవులు. నెల్లో వదిలేత్తాది."

ఫిట్టర్లం కదా, ఆ మాట అందరికీ నచ్చింది. తుప్పుపట్టి బిగుసుకున్నదాన్ని అటూ ఇటూ ఆడించి వదులు చెయ్యడమే మా పని. ఎవరికీ అనుమానం రాలేదు. తేగల కాలం. బావ రోజూ ఓ కట్ట తెచ్చుకుని నమిలేవాడు. తర్వాత గోడవైపు తిరిగి నోరు తెరిచి మూస్తుంటే మిగతావాళ్ళు లెక్కపెట్టేవారు. అరవై దాటేసరికి అతని కళ్ళలో నీళ్ళు తిరిగేవి. "ఇంకో నలబై ఉన్నాయి బావా" అన్నది నేనే.

మూడో వారంలో చప్పుడు ఆగిపోయింది. వైద్యం పారిందని అందరూ నా వీపు తట్టారు. మర్నాడు బావ కేరియర్ విప్పలేదు. నోట్లోకి ఒక్క వేలు మాత్రమే పడుతోంది.

ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. అతని భార్య నాకు చేపల పులుసు వడ్డించి, అతనికి గ్లాసుతో గంజి ఇచ్చింది. వారం నుంచీ అదే తిండట. మెడ దగ్గర ఎముకలు తేలాయి.

"మీరు తినండన్నయ్యా. ఆ ఓడ మల్లెప్పుడొత్తాది? ఇంకేటి సెయ్యాలో డాక్టరుబాబుని ఓపాలి అడగండి."

ముద్ద కంచంలోనే వదిలేశాను. "ఓడ రాదమ్మా. రేపు పళ్ళ డాక్టరుకి సూపిత్తాను" అన్నాను.

ఏదో పన్ను పుచ్చి ఉంటుంది, పీకించుకుంటే సరిపోతుందని బావ నమ్మకం. డాక్టరు పన్ను జోలికే పోలేదు. రెండు చెవుల ముందూ వేళ్ళు ఆనించి నోరు తెరవమన్నాడు. చిన్న స్కేలుతో కొలిచాడు. దవడ కండని నొక్కితే బావ కుర్చీలోంచి లేచినంత పని చేశాడు.

"నిద్రలో పళ్ళు కొరుకుతావా?"

"మా ఇంటిది సెప్తాదండి, ఎలక కొరికినట్టుంటాదని."

"పళ్ళు అరిగిపోయాయి. దోషం పన్నులో కాదు, కీల్లో, ఈ కండల్లో ఉంది. కీల్లో ఓ మెత్తటి బిళ్ళ ఉంటుంది. అది జారి మళ్ళీ సర్దుకున్నప్పుడు వచ్చేదే ఆ టక్. ఇప్పుడది సర్దుకోకుండా అడ్డం పడింది. అందుకే చప్పుడూ లేదు, నోరూ తెరుచుకోదు. అలిసిన కండకి విశ్రాంతి ఇవ్వాలి గానీ ఇంకా పని చెబుతారా? ఎవరు చెప్పారీ వైద్యం?"

నేను గోడమీది పళ్ళ బొమ్మ చూస్తూ నిలబడ్డాను.

"ఓడ డాక్టరండి" అన్నాడు బావ, ఆ వేలెడు సందులోంచే. "ఆయన్నేటీ అనకండి. వందంటే నానే నూటేబై సేసీసినాను, బేగి తగ్గుతాదని."

వేడినీళ్ళ కాపడం, మెత్తటి తిండి. నాలుక అంగిట్లో ఆనించి, నొప్పి పుట్టనంత మేరకే నోరు తెరవడం. ఆవులింత వస్తే నోరు మరీ తెరుచుకోకుండా గడ్డం కింద పిడికిలి. నెల తర్వాత నోరు కాస్త వదులైతే పళ్ళ అచ్చు తీసి, పడుకునేటప్పుడు పెట్టుకోడానికి ప్లాస్టిక్ ప్లేటు చేసిచ్చాడు డాక్టరు. ప్రతిసారీ నేనే వెంట వెళ్ళాను. నిజం చెబుదామనుకుంటూనే బస్సు దిగిపోయేవాణ్ణి. నాలాంటి స్నేహితుడు ఎవరికి దొరుకుతాడని వాళ్ళావిడ అందరితో అనేదట.

ఎండలు తగ్గేసరికి నోట్లో మూడు వేళ్ళు పట్టాయి. తేగలు మళ్ళీ ముట్టలేదు, ముట్టలేడు కూడా. అతను మొదటిసారి అన్నం కేరియర్ తెచ్చుకున్నరోజు, అందరి ముందే చెప్పేశాను.

"ఆ ఓడ లేదు బావా. డాక్టరూ లేడు. నోటికొచ్చింది సెప్పీసినాను."

బావ నన్నోసారి చూశాడు. గడ్డం కింద పిడికిలి పెట్టుకుని, జాగ్రత్తగా నవ్వాడు.

"డాక్టరే లేకపోతే ఆ వంటోడి నోరెవుడు తెరిసినాడు బావా? ఈ కత బాలేదు, ఇంకోటి సెప్పు."

అందరూ నవ్వారు. నిజంగానే లేడు బావా, అన్నాను మళ్ళీ. మళ్ళీ నవ్వాడు. మూడోసారి చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. నమ్ముతాడేమోనని.