మావయ్యగారికి ఘనస్వాగతం

పిల్లనిచ్చిన మామ కారు దిగకముందే ఆయన్ని మోసుకెళ్ళడానికి మనుషుల్ని సిద్ధం చేసిన అల్లుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. ఆనాటి ఫొటో మాత్రం అడక్కండి. ఆ సాయంత్రం నా మొహం ఫొటోకి పనికొచ్చేలా లేదు.

పెళ్ళయిన కొత్తలో విజయవాడ వన్‌టౌన్‌లో, దాదాపు అన్నీ ముస్లిం కుటుంబాలే ఉన్న ఒక సందులో పాత డాబా ఇల్లు కొన్నాను. కింద రోడ్డువైపు ఒక కొట్టు, పైన మేము. కొట్టు అద్దెకిస్తే బ్యాంకు వాయిదా దానంతటదే గడిచిపోతుందని నా ఆలోచన. అప్పటికి నేను ఆటోనగర్‌లో లారీ సామాన్ల షాపులో బిల్లులు రాసే గుమాస్తాని. అయినా ఆ ఇంటి తాళాలు చేతికొచ్చిన రోజు నుంచి నడకలో కాస్త జమీందారీ వచ్చిందని మా ఆవిడ సుజాత ఇప్పటికీ అంటుంది.

వాళ్ళ నాన్న వెంకట్రామయ్యగారు కంకిపాడులో వ్యవసాయం చేస్తారు. సంగతి తెలియగానే ఫోన్లోనే నన్ను మినుములు ఝాడించినట్టు ఝాడించారు.

"పటమటలో చూసుకోవయ్యా అంటే వినవు. అక్కడ భాష రాదు, పద్ధతులు తెలియవు. రేపు అమ్ముదామంటే కొనేవాడెవడు?"

"ఒక్కసారి వచ్చి చూడండి మావయ్యగారూ."

"చూడ్డానికేముంది? నేను రాను."

అన్నట్టే గృహప్రవేశానికి రాలేదు. సుజాత ఆ రోజంతా వచ్చినవాళ్ళకి నవ్వుతూ వడ్డిస్తూనే, మధ్యమధ్యలో మెట్లవైపు చూసేది. ఆ చూపు చూశాక నాకు పాయసం దిగలేదు.

ఇక మా సందు సంగతి. పద్ధతులు గట్టివే. మగవాడు డాబా ఎక్కాలంటే ముందు గట్టిగా దగ్గి, "పైకొస్తున్నానండీ" అని కేకేసి మరీ ఎక్కాలి. చుట్టుపక్కల వాకిళ్ళలో ఆడవాళ్ళు ఉంటారు కదా. మొదటి వారం నేను ఎంత శ్రద్ధగా దగ్గానంటే, ఎదురింటి ఫాతిమాబీగారు తెర వెనక నుంచి మిరియాల కషాయం పంపించారు. ఆవిడ భర్త కరీముల్లాగారికి మెయిన్ రోడ్డు మీద తాళాల కొట్టు ఉంది. తెల్లగడ్డం, మెత్తని మాట. సందులో ఆయన మాటంటే మాటే.

వాళ్ళందరూ తెలుగు చక్కగా మాట్లాడతారు. నాకంటే చక్కగా. నాతో ఉర్దూ మాట్లాడమని ఎవరూ బతిమాలలేదు. కానీ నాకు దురద. కూరగాయల బండివాడు "వంకాయలు లేతగా ఉన్నాయి బాబుగారూ" అంటే, నేను "బహుత్ అచ్ఛా వంకాయ్" అనేవాణ్ణి. అదీ నా పాండిత్యం.

ఆ రోజుల్లో మసీదు మైకులో అప్పుడప్పుడు ఒక ప్రకటన వినబడేది. ఫలానా సాబ్, ఇంతెకాల్, అసర్ నమాజు తర్వాత అని. అది సాయంత్రం చేసే నమాజు. ప్రకటన వచ్చిన కాసేపటికి ఆ ఇంటిముందు షామియానా లేచేది, కుర్చీలు వచ్చేవి, తెల్లబట్టలు కట్టుకుని జనం బారులు తీరేవారు, గిన్నెలతో భోజనాలు వెళ్ళేవి. ఆటోనగర్ పోతూ దూరం నుంచి ఇదంతా చూసి, ఇంతెకాల్ అంటే పెద్దమనిషికి చేసే ఘనమైన సత్కారం అని తేల్చుకున్నాను. ఇంతెకాల్ అంటే మరణం. మీకు ముందే తెలుసేమో. నాకు తెలియదు, ఎవర్నీ అడగలేదు కూడా!

అంతలో ఒక రాత్రి మావయ్యగారు ఫోన్ చేసి, "రేపు సాయంత్రం వస్తున్నా. ఆ కొంప ఏదో చూసి పోతా" అన్నారు. సుజాత ఆనందంతో గిన్నెలన్నీ కిందికి దించింది. పొద్దున్నే నేను తాళాల కొట్టుకి పరిగెత్తాను.

"భాయ్ సాబ్! ఆజ్ మేరే ససుర్ కా ఇంతెకాల్! అసర్ కే బాద్ సబ్ లోగ్ ఆనా!" ఈ రోజే మా మావగారికి సత్కారం, అసర్ తర్వాత అందరూ రండి అని నా ఉద్దేశం.

కరీముల్లాగారి చేతిలోంచి తాళం జారి కిందపడింది. "యా అల్లా! ఎప్పుడు బాబూ?"

"రాత్రి ఫోనొచ్చిందండీ. ఉన్నట్టుండి."

"ఒంట్లో బాగుండేది కాదా?"

"ఒంటికేం, దుక్కలా ఉన్నారు. మనసే ఇన్నాళ్ళూ ఒప్పుకోలేదు. మొత్తానికి మా ఎదురుచూపులు ఫలించాయి."

ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, మావయ్యగారి పేరడిగి కాయితం మీద రాసుకున్నారు. తర్వాత గొంతు తగ్గించి, "అమ్మాయి ఎలా ఉంది?" అన్నారు.

"పొద్దున్నుంచీ పాటలు పాడుకుంటూ బూరెలు చేస్తోందండీ."

"పాపం, తట్టుకోలేకపోయింది" అని కళ్ళు తుడుచుకున్నారు. "ఎక్కడికి తీసుకొస్తున్నారు?"

"ఇక్కడికే. కంకిపాడు నుంచి కార్లో."

"నువ్వేం కంగారుపడకు. మేమంతా లేమూ? ఏర్పాట్లన్నీ నేను చూసుకుంటా."

ఇంత మంచి మనుషులు పటమటలో దొరుకుతారా అనుకుంటూ నేను షాపుకి పోయాను.

మధ్యాహ్నం మైకులో వాళ్ళ నాన్న పేరు వినబడితే, నేను చెప్పిన సత్కారమే అనుకుని సుజాత పొంగిపోయిందట. ఆ వెంటనే ఫాతిమాబీగారు, మరికొందరు ఆడవాళ్ళు వచ్చి దాన్ని కావలించుకున్నారు.

"ధైర్యంగా ఉండాలమ్మా" అన్నారు ఫాతిమాబీగారు.

ఇల్లు చూసి నాన్న ఏమంటారో అన్న భయం వీళ్ళకెలా తెలిసిందా అని సుజాత ఆశ్చర్యపోయింది. "ఎంత ధైర్యం తెచ్చుకున్నా గుండె దడగా ఉందండీ" అంది. దాంతో వాళ్ళు ఏడ్చారు. ఇంత ప్రేమ చూసి సుజాతా ఏడ్చింది. పొయ్యి మీద బూరెలు మాడాయి.

సాయంత్రం నేను గులాబీల గజమాలతో ఆటో దిగి చూద్దును కదా, సందు సందంతా నిండిపోయింది! కొట్లు సగం షట్టర్లు దించారు. షామియానా, బెంచీలు, తెల్లటి టోపీలు. ఇంటిముందు అద్దం మూత ఉన్న పొడుగాటి పెట్టె ఒకటి, కరెంటు వైరుతో సహా. ఐస్‌క్రీమ్ కూడా పెట్టిస్తున్నారే అని నా కళ్ళు చెమర్చాయి.

"దండ మంచిది తెచ్చావు బాబూ" అన్నారు కరీముల్లాగారు. "మీ పద్ధతులు మాకు సరిగ్గా తెలియవు. లోపం ఉంటే చెప్పు."

"లోపమా? ఇంత వైభవం మా పెళ్ళికి కూడా లేదండీ!"

ఆయన నావైపు అదోలా చూశారు.

అప్పుడే అద్దె కారు సందులోకి వచ్చింది. మావయ్యగారికి కారెక్కితే నిద్ర ఆగదు. వెనకసీట్లో పొడుగ్గా పడుకుని, ఎండ తగలకుండా తెల్ల కండువా మొహం మీద కప్పుకున్నారు. జనం రెండు వైపులా జరిగి దారిచ్చారు. నలుగురు బలమైన కుర్రాళ్ళు తలుపు తీసి, భుజాల కిందా మోకాళ్ళ కిందా చేతులు వేసి, భక్తిగా పైకెత్తారు.

"ఎవర్రా మీరు? వదలండ్రా!"

శవం అరిచింది. కుర్రాళ్ళు వదిలేశారు. అదృష్టం, ఇంకా సీటు మీదే ఉన్నారు. సందులో సగం మంది వెనక్కి దూకారు. బెంచీ ఒకటి బోర్లా పడింది.

కరీముల్లాగారు నా చెయ్యి పట్టుకున్నారు. "బాబూ, పోయిందెవరు?"

"ఎవరూ పోలేదండీ, వచ్చారు! మా మావయ్యగారు. చెప్పాను కదా, ఇంతెకాల్ అని."

"ఇంతెకాల్ అంటే ఏమిటనుకున్నావు?"

"స్వాగత సత్కారం కాదాండీ?"

"దాన్ని ఇస్తెక్బాల్ అంటారు నాయనా. ఇంతెకాల్ అంటే మనిషి పోవడం!"

ముందు తెర వెనక నుంచి ఫాతిమాబీగారి నవ్వు వినబడింది. తర్వాత ఆడవాళ్ళందరిదీ. ఆపైన కరీముల్లాగారు గడ్డం పట్టుకుని నవ్వుతూ బెంచీ మీద కూలబడ్డారు. నేను గజమాల పట్టుకుని, ఎవరి మెడలో వెయ్యాలో తెలియక నిలబడ్డాను. సుజాత పైనుంచి పరిగెత్తుకొచ్చి వాళ్ళ నాన్నని పట్టుకుని వదల్లేదు. ఈసారి ఏడుపు నిజమైనదే. కాస్త ఆలస్యంగానైనా దానికి విషయం తెలిసింది.

మావయ్యగారు కారు దిగి, కండువా దులిపి భుజాన వేసుకుని, తిన్నగా ఆ అద్దాల పెట్టె దగ్గరికి నడిచారు. "ఇదెవరికి?"

కరీముల్లాగారు ఇబ్బందిగా కదిలారు. "తమరికేనండీ. రాత్రికి ఉంచాల్సొస్తుందేమోనని... ఫ్రీజర్ బాక్సు."

మావయ్యగారు నావైపు చూసిన చూపుకి నేనే ఆ పెట్టెలోకి ఎక్కి మూత వేసుకుందామనుకున్నాను.

దుఃఖంలో ఉన్న ఇంట్లో పొయ్యి వెలిగించకూడదని చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు భోజనాలు వండి తెచ్చారు. అన్నం, పప్పుతో చేసే దాల్చా, గోంగూర పచ్చడి. పారేస్తామా? ఆ షామియానా కిందే అందరం కూర్చున్నాం. సుజాత మాడని బూరెలు ఏరి వడ్డించింది. మావయ్యగారు తింటూ తింటూ పక్కన కూర్చున్నాయన్ని, "మీరు నన్నెప్పుడైనా చూశారా?" అని అడిగారు.

"లేదండీ. కరీముల్లాభాయ్ చెప్పారు, కొట్టు కట్టేసి వచ్చాను."

మావయ్యగారు చాలాసేపు చేతిలో ముద్ద అలాగే పట్టుకుని కూర్చున్నారు. చెయ్యి కడుక్కున్నాక నన్ను పక్కకి పిలిచారు. చెంప సిద్ధం చేసుకుని వెళ్ళాను.

"మా తమ్ముడు పోయినప్పుడు ఊళ్ళో పాడె మొయ్యడానికి ఫోన్లు చేసి మనుషుల్ని పిలిపించాం. ఇక్కడ నా మొహం కూడా తెలియనివాళ్ళు నాకోసం వచ్చారయ్యా." కండువాతో మూతి తుడుచుకున్నారు. "ఈ సందులో ఇంకేదన్నా అమ్మకానికి ఉందేమో కనుక్కోవాలి."

"ఇప్పుడే కరీముల్లాగార్ని అడిగొస్తాను మావయ్యగారూ!"

ఆయన నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగారు. "నువ్వు నోరు విప్పకు. నేనడుగుతా, తెలుగులో."

ఆ రాత్రే, మిగిలిన బూరె మీద చెయ్యివేసి ఘోరమైన ప్రతిజ్ఞ చేశాను. నా కంఠంలో ప్రాణముండగా, మా ఇంటికి ఎంతటివారు వచ్చినా సరే, "మా ఇంటికి చుట్టాలొస్తున్నారండీ" అని అచ్చ తెలుగులో చెప్పి ఊరుకుంటాను. అంతకుమించి ఒక్క ముక్క కూడా మాట్లాడను, కారులోంచి వాళ్ళు తమ కాళ్ళమీద తాము దిగేదాకా.