ముందు వదులు, తర్వాత చెప్పు

మా సార్‌కి ఎవరైనా ఏదైనా చెప్పాలంటే ముందు ఊపిరి వదలాలి. ఏదో కాస్త వదిలితే చాలదు. లోపలున్నదంతా నిదానంగా, చివరిదాకా వదలాలి. అంతవరకూ ఆయన చెవిన ఏ మాటా పడదు. "ముందు వదులు, తర్వాత చెప్పు" అంటారు. ఫిజియోథెరపీ కాలేజీలో ఊపిరికీ వెన్నుకీ ఉన్న సంబంధం గురించి మాకు పాఠం చెప్పేది ఆయనే కాబట్టి, క్లాసులో అంటే సరేననుకోవచ్చు. ఆయన క్యాంటీన్‌లోనూ అనేవారు, మెట్ల మీదా అనేవారు. లిఫ్టు మధ్యలో ఆగిపోయినప్పుడు తోటి జనంతో కూడా అదే అన్నారట.

ఒకరోజు ప్యూను పరిగెత్తుకుంటూ క్లాసులోకి వచ్చాడు.

"సార్, పైన ట్యాంకు..."

"ముందు వదులు."

"అది కాదు సార్, నీళ్ళు..."

"భుజాలు చూడు, చెవులకి తగులుతున్నాయి. వదులు. ఇంకా ఉంది లోపల. ఆఁ, అదీ. ఇప్పుడు చెప్పు."

ప్యూను భుజాలు దిగాయి. మొహం తేటపడింది. "ఏం లేదు సార్. ట్యాంకు పొంగి నీళ్ళు మెట్ల మీంచి దిగుతున్నాయి. మీ చెప్పులు గేటు దాకా వెళ్ళాయి" అన్నాడు తీరిగ్గా.

ఇంకోసారి ప్రిన్సిపల్ మేడమ్ నిప్పులు కక్కుతూ క్యాంటీన్‌కి వచ్చారు. "ముందు వదలండి మేడమ్" అన్నారు సార్, చెయ్యి గాల్లోంచి కిందికి దించుతూ. ఆవిడ వదిలారు. వదిలాక కాసేపు గోడకేసి చూసి, "ఇంతకీ ఎందుకొచ్చానండీ నేను?" అని అడిగి, మాతోపాటు కూర్చుని టీ తాగి వెళ్ళారు. ఇక సార్ భార్యగారు ఫోన్ చేస్తే, హలో కంటే ముందు సైకిల్ ట్యూబులోంచి గాలి పోతున్న చప్పుడు వినిపించేది. ఆ తర్వాతే కూరగాయల సంగతి.

ఇలాంటి మనిషి కంట నేను పడ్డాను. నాకు నిలబడటం నేర్పింది మా నాయనమ్మ. "గుండె విరుచుకో, పొట్ట లోపలికి లాక్కో, అప్పుడే మగమహారాజులా ఉంటావు" అనేది. చిన్నప్పుడు లాక్కున్న పొట్ట మళ్ళీ బయటికి వదలమని చెప్పకుండానే ఆవిడ పోయింది. దానికి తోడు ఎదురుగా నలుగురు కనిపిస్తే ఊపిరి బిగబట్టే జబ్బు నాకు పుట్టుకతోనే ఉంది. కాలేజీలో మొదటి రోజు లేచి పేరు చెప్పమన్నారు. నోరు తెరిచాను. పేరు రాలేదు. ఏదీ రాలేదు.

సార్ నా వెనక్కి వచ్చి నిలబడ్డారు. మెడ దగ్గర్నుంచి నడుం దాకా చూసుకుంటూ వెళ్ళారు. "అబ్బ, ఎంత చక్కగా తప్పుగా నిలబడ్డావురా. పుస్తకంలో ఉన్న తప్పులన్నీ ఒకే ఒంట్లో ఉన్నాయి" అన్నారు మురిసిపోతూ. నాకు పేరు పెట్టిన అమ్మానాన్నల శ్రమ ఆ రోజుతో వృథా అయింది. అప్పట్నుంచీ నేను కాలేజీ మొత్తానికి నమూనాని.

"నమూనా, ఇలా రా" అనేవారు, ఏ క్లాసైనా సరే. నేను వెళ్ళి టేబుల్ పక్కన నిలబడేవాణ్ణి.

"చూడండి. గాలి పీలిస్తే కింది పక్కటెముకలు పక్కలకి విచ్చుకోవాలి. వీడికి భుజాలు పైకి లేస్తాయి. పొట్ట కదలాలి. వీడు దాన్ని ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు దాచిపెట్టాడు." అందరూ నవ్వేవారు. అప్పుడు ఆయన అరచెయ్యి తెచ్చి నా వీపు మీద, కింది పక్కటెముకల దగ్గర ఆనించేవారు. "నా చేతిలోకి పీల్చు. ఇప్పుడు వదులు. ఇంకా ఉంది లోపల."

తర్వాత కొవ్వొత్తి. పెదాలు సున్నాలా చుట్టి, మంట వంగాలి గానీ ఆరకూడదన్నంత మెల్లగా ఊదాలి. నేను ఊదితే కొవ్వొత్తి ఆరడమే కాదు, ముందు బెంచీ వాళ్ళ కాగితాలు కూడా ఎగిరేవి. జూనియర్ అమ్మాయిలు వరండాలో ఎదురైతే "గుడ్ మార్నింగ్ నమూనా అన్నయ్యా" అనేవారు. ఆ మాట వినగానే నా భుజాలు మళ్ళీ చెవులదాకా వెళ్ళేవి.

ఒకరోజు రోషం వచ్చి, నేరుగా సార్ గదికి వెళ్ళాను. ఇంకెవరినైనా చూసుకోండి సార్, నాకూ పరువుంది, అని గట్టిగా చెప్పాలని మెట్ల మీద అంతా వల్లె వేసుకున్నాను.

"సార్, నేను..."

"ముందు వదులు."

వదిలాను. గాలితోపాటు రోషమూ పోయింది.

"ఇప్పుడు చెప్పు."

"ఏం లేదు సార్."

"అయితే పద, రెండో సంవత్సరం వాళ్ళకి క్లాసుంది."

ఇంత ప్రచారంలో ఉన్న నమూనా ఆఖరి ప్రాక్టికల్ పరీక్షలో ఏం చేశాడో చెప్పాలి. ఊపిరితిత్తుల జబ్బున్న ఒక పెద్దావిడని నాకిచ్చారు. ఆవిడ మోకాళ్ళ మీద చేతులాన్చి ముందుకు వంగి కూర్చుంది. అలా వంగి చేతులు ఆన్చుకుంటేనే అలాంటివాళ్ళకి గాలి అందుతుంది. అది నాకు తెలుసు. కానీ నాలోంచి నాయనమ్మ లేచింది. "నిటారుగా కూర్చోండమ్మా" అంటూ ఆవిడ భుజాలు వెనక్కి లాగాను. ఆవిడకి ఆయాసం ఎక్కువైంది. అది చూసి నేను ఊపిరి బిగబట్టాను. పరీక్ష పెట్టడానికి వచ్చిన మేడమ్‌కి మా ఇద్దరిలో పేషెంటు ఎవరో అర్థం కాలేదు. ఇద్దరికీ మంచినీళ్ళు తెప్పించి, నన్ను ఫెయిల్ చేసింది.

"పేషెంటు నీకు వైద్యం చెయ్యడానికి అంత చదువు దేనికిరా?" అన్నారు నాన్న. "ఇంకొక్కసారి రాయి. ఈసారీ పోతే నోరు మూసుకుని మావయ్య సిమెంటు కొట్లో కూర్చో." మావయ్య అప్పటికే నాకోసం ఒక స్టూలు కొని ఉంచాడు. దానికి వీపు ఆనించుకోవడానికి కూడా ఏమీ లేదు. నాకేమో ఈ పని తప్ప మరేదీ వద్దు. ఎన్ని వెక్కిరింపులు పడినా, ఆయాసపడే మనిషి కుదుటపడటం చూస్తే నాకు కలిగే సంతోషం ఇంకెందులోనూ లేదు.

రెండోసారి పరీక్షకి అదే గది, అదే మేడమ్. నన్ను చూసి మంచినీళ్ళ సీసా దగ్గరికి జరుపుకుంది. ఈసారి పేషెంటు ఒక తాతగారు. ఆయనా మోకాళ్ళ మీద మోచేతులాన్చి, భుజాలతో గాలి తోడుకుంటున్నాడు. నా చేతులు నాకు చెప్పకుండానే ఆయన భుజాల మీదికి బయల్దేరాయి. ఊపిరి బిగబట్టాను. పొట్ట లోపలికి పోయింది. ఇక సిమెంటు కొట్టే అనుకున్నాను.

సరిగ్గా అప్పుడు నా వీపు మీద, కింది పక్కటెముకల దగ్గర, ఆ అరచెయ్యి ఉన్నట్టే అనిపించింది. అక్కడ ఎవరూ లేరు. రోజూ ఆ చోటే తాకి తాకి, నా వీపు ఆ చేతిని గుర్తుపెట్టుకుంది. వదిలాను. లోపల ఇంకా ఉంది, అదీ వదిలాను. మాట వచ్చింది.

"తాతగారూ, వంగే ఉండండి, ఏం పర్లేదు" అన్నాను. టేబుల్ దగ్గరికి జరిపి, దిండు వేసి, ఆయన చేతులు దాని మీద పెట్టించాను. "మీ ముందు కొవ్వొత్తి ఉందనుకోండి. మంట వంగాలి, ఆరకూడదు. మెల్లగా ఊదండి." ఆయన ఊదాడు. నేనూ ఆయనతోపాటు ఊదాను. కాసేపటికి ఆయన భుజాలు దిగాయి. ఎవరూ చెప్పకుండానే వెన్ను కాస్త నిటారయింది. తలెత్తి, "హమ్మయ్య, నాయనా" అన్నాడు.

"ముందు వెన్ను ఎందుకు సరిచెయ్యలేదు?" అంది మేడమ్.

"ఆయనకి గాలి అందడం లేదు మేడమ్. గాలి అందాక వెన్ను సంగతి చూసుకోవచ్చు" అన్నాను. ఇంత పొడుగు వాక్యం కొత్తవాళ్ళ ముందు నేను మాట్లాడటం అదే మొదటిసారి. గది నిండా జనం ఉన్నారని అప్పుడు గమనించాను. రోజూ అంతకంటే ఎక్కువమంది ముందు, అంతకంటే ఎక్కువ నవ్వుల మధ్య నిలబడ్డవాణ్ణి కదా. సార్ నన్ను రోజూ ఎందుకు నిలబెట్టారో ఆ క్షణంలో నా మట్టిబుర్రకి ఎక్కింది. మేడమ్ మార్కులు వేసి, "వెళ్ళు, పాసయ్యావు" అంది.

బయట వరండాలో సార్ ఉన్నారు. మంటలార్పే సిలిండరు మీది సూచనలు శ్రద్ధగా చదువుతున్నట్టు నటిస్తున్నారు. భుజాలు చెవులకి తగులుతున్నాయి. పొట్ట లోపలికి పోయింది. పుస్తకంలో ఉన్నవన్నీ ఆయన ఒంట్లో ఉన్నాయి.

"ఏమైంది? మళ్ళీ భుజాలు లాగావా? మాట వచ్చిందా? చెప్పవేంరా?"

నేను తాపీగా ఆయన వెనక్కి వెళ్ళి, కింది పక్కటెముకల దగ్గర అరచెయ్యి ఆనించాను. "ముందు వదలండి సార్. తర్వాత చెప్తాను."

ఆయన వదిలారు. చాలాసేపు పట్టింది.

"పాసయ్యాను సార్. రోజూ నన్ను పిలిచింది క్లాసు కోసం కాదు కదా?"

"మొదటి రోజు పేరు చెప్పలేక గుడ్లప్పగించి నిలబడ్డావు. వైద్యం చేస్తానంటే సిగ్గుతో కాలేజీ మానేసేవాడివి. నమూనా అంటే తిట్టుకుంటూనైనా వచ్చావు" అన్నారు సార్. అంతలోనే ఆయన మొహం వాడిపోయింది. "అవునూ, నువ్వు బాగుపడితే రేపు కొత్త బ్యాచికి ఎవర్ని చూపించనురా?"

"నేనే వస్తాను సార్. తప్పుగా నిలబడటం ఇంకా మర్చిపోలేదు" అన్నాను.