టేపు తాతయ్య కత్తిరించిన కుకీలు

మా బావమరిదికి ఎదుటి మనిషి మొహం కనబడదు, కొలతలు కనబడతాయి. నలభై ఏళ్లు టైలరింగ్ చేసి షాపైతే మూసేశాడు గానీ మెడలోంచి టేపు మాత్రం దించలేదు. స్నానం కూడా దానితోనే చేస్తాడని మా ఆవిడ అంటుంది. నేను చూడలేదు. స్నానమయ్యాక టేపు తడిగా ఉండటం మాత్రం చూశాను.

ఈ దేశంలో విమానం దిగగానే పాస్‌పోర్టు చూసే అధికారి మమ్మల్ని ఎగాదిగా చూశాడు. మావాడు ఆయన్ని అంతకంటే శ్రద్ధగా చూసి, "ఎడమ భుజం ముప్పావు అంగుళం దిగింది బావా. ఎవడు కుట్టాడో గానీ పాపం మూటగట్టుకున్నాడు" అన్నాడు. ఏమంటున్నాడని అధికారి అడిగితే, మీ యూనిఫాం బ్రహ్మాండంగా ఉందంటున్నాడని చెప్పాను. టపీమని ముద్ర పడింది.

మా అమ్మాయి ఇంట్లో అతన్ని కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాలేదు. నెల తిరక్కుండా కర్టెన్లన్నీ పొట్టి చేశాడు. అల్లుడి ప్యాంట్లన్నిటికీ, ముందుచూపట, నడుము రెండంగుళాలు వదులు చేశాడు. ఇక కత్తిరించడానికి ఏమీ మిగలక హాల్లోంచి వంటింట్లోకీ, వంటింట్లోంచి హాల్లోకీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే నాకు కళ్లు తిరిగేవి.

మనవరాలి దిగులు మరొకటి. దానికి ఏడేళ్లు. ఇంట్లో మమ్మల్నెవర్నీ నోరెత్తనివ్వదు. కొత్త బళ్లో చేరి మూడు నెలలైనా క్లాసులో ఒక్కరితోనూ పలకలేదని టీచరు మా అమ్మాయిని పిలిచి మరీ చెప్పింది. పండగ సెలవులకు ముందు ఆఖరి రోజున ప్రతి పిల్లా ఇంట్లో చేసిన కుకీలు తెచ్చి అందరికీ పంచాలట. "డబ్బా బల్లమీద పెట్టేసి నా చోట్లో కూర్చుంటా" అంది మా పిల్ల. మా అమ్మాయి మొహం చిన్నబోయింది. మావాడు మెడలో టేపు సవరించుకున్నాడు.

ఫ్రిజ్ మీద అంటించిన క్లాసు ఫోటో ఊడబెరికి, భూతద్దం పట్టుకుని పిల్లని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. టీచరు కుర్చీ ఎత్తు ఊహించి, దాన్నిబట్టి ఇరవై ఇద్దరి కొలతలూ లాగాడు. వీడి చేతులెప్పుడూ జేబుల్లోనేనా, ఈ పిల్లకి పై పన్ను ఊడిందా అని అడుగుతుంటే, మా పిల్ల ఒక్కొక్కరి గురించీ గుక్కతిప్పుకోకుండా చెప్పింది.

న్యూస్‌పేపరు మీద ఇరవై రెండు బొమ్మలు గీసి, పిండిని చపాతీలా ఒత్తి, కత్తెరతో కత్తిరించారు ఇద్దరూ. వేడి తగిలితే ఏదైనా కుంచించుకుపోతుందని గుడ్డల మీద సంపాదించిన జ్ఞానంతో ప్రతి బొమ్మ చుట్టూ అర అంగుళం పిండి ఎక్కువ వదిలాడు. ఓవెన్ తెరిస్తే ఇరవై ఇద్దరూ ఒకే దుప్పట్లో పడుకున్నట్టు ట్రే నిండా ఒకే కుకీ. పిల్ల ఏడుపు మొహం పెట్టింది. ఇతను మాత్రం, కొత్త రకం బట్ట, అంతేనని మళ్లీ పిండి కలిపాడు.

"అన్నీ గుండ్రంగా కోసెయ్యరాదూ, గంటలో తెముల్తుంది" అన్నాను.

"గుండ్రంగా కోస్తే ఎవరిది ఎవరు తీసుకున్నా ఒకటే కదా బావా."

పిచ్చి ముదిరిందనుకుని వెళ్లి పడుకున్నాను.

మర్నాడు సాయంత్రం పిల్ల ఖాళీ డబ్బాతో వచ్చింది. బల్లమీద పెట్టడం కుదరలేదట. "ఎవరిది వాళ్లకే ఇవ్వాలిగా తాతయ్యా. పన్ను లేనిది జేబులో చేతులవాడు తీసుకుంటే ఎలా?" పిలిచి పిలిచి పంచిందట. పన్నూడిన పిల్ల తన కుకీ చూసుకుని, తినకుండా దాచుకుందట. అప్పటికిగాని నా బుర్రకెక్కలేదు. మావాడి వంక చూస్తే, ఏమీ ఎరగనట్టు టేపు చుట్టుకుంటున్నాడు.

ఒక్కటే పొరపాటు జరిగింది. ఫోటో రోజున జ్వరంతో రాని పిల్లాడొకడు ఉన్నాడు. వాడికి కుకీ లేదు. మా పిల్ల వాణ్ణి ఓదార్చి, ఇంటికొస్తే టేపు తాతయ్య కొలుస్తాడని పిలిచేసింది.

మర్నాడు వాళ్లమ్మ దింపి వెళితే, ఆ బుడ్డోడు మా హాల్లో స్టూలెక్కి, చేతులు బారచాపి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. మావాడు తెలుగులోనే అంకెలు చెబుతున్నాడు. మా పిల్ల అవి రాసుకుంటూ, వాళ్ల భాషలో వాడికి గడగడా ఏదో చెబుతోంది. మెడ, భుజం, చెయ్యి, మోకాలు, చివరికి చెవులు కూడా అయ్యాయి.

"ఒక్క కుకీకి ఇన్ని కొలతలా?" అన్నాను.

"ఇవాళ కొలతలే బావా. ఎల్లుండి ట్రయల్‌కి రావాలి" అన్నాడు.