పెద్దనాయన రాయి, బ్రేకు బటన్

మా పెద్దనాయన బండిలో పార్కింగ్ బ్రేకు అంటే ఒక బటన్. వేలితో పైకి లాగితే పడుతుంది, కిందికి నొక్కితే వదులుతుంది. ఎర్ర దీపం వెలిగితే పడినట్టు లెక్క. ఆ దీపాన్ని ఆయన ఏనాడూ నమ్మలేదు. గద్వాల నుంచి గట్టు అనే ఊరికి ఏళ్ల తరబడి జీపు నడిపిన మనిషి. ఆ జీపుకు హ్యాండ్‌బ్రేకు ఉండేదనడానికి సాక్ష్యం లేదు. దిగగానే సీటు కింది నుంచి ఒక నల్లరాయి తీసి వెనక చక్రానికి అడ్డం పెట్టేవాడు. వయసు మళ్లాక, చేతులు మారి మారి అలసిపోయిన ఈ ఎస్‌యూవీని కొన్నాడు. జీపు పోయింది, రాయి మిగిలింది.

"బటన్ ఉంది గద పెద్దనాయనా."

"బటన్ మాట నువ్విను. రాయి మాట నేనింట."

పోయిన వానాకాలం ఆయన పోయాడు. బండి వనపర్తి ఇంటి రేకుల షెడ్డులో నిలబడిపోయింది. ఏటా దసరాకు బండికీ రాయికీ పసుపు, కుంకుమ పెట్టే పెద్దమ్మ ఈసారి ఒక్కతే పెట్టింది. రాయిని ఆయన చివరిసారి పెట్టిన చోటి నుంచి కదపలేదు.

అచ్చంపేట నుంచి పాత బండ్లు కొనే ఒక వ్యాపారి వచ్చి చూశాడు. బండి కదల్లేదు. "బ్రేకు మంచిగ చేపియ్యుండ్రి, తీస్కపోత," అన్నాడు. పెద్దమ్మ ఒప్పుకుంది కానీ ఒక మాట అంది.

"ముందు సీట్ల కూసోని సోమశిలకు పోయొస్త. తర్వాత ఎవరికన్న ఇచ్చుకోండ్రి."

పెళ్లయిన కొత్తలో ఆయన ఇచ్చిన మాట అది. జీపులో ముందు సీటు ప్యాసింజర్లది, ఈ బండిలో పెద్దమనుషులది. పెద్దమ్మ ఎప్పుడూ వెనకే, సంచులతో పాటు. "రేపు పోదాం తియ్" అనేవాడు. ఆయనకు రేపులకు కొదవ ఉండేది కాదు.

నాగర్‌కర్నూల్ నుంచి మెకానిక్‌ను పిలిపించాను. బ్యాటరీ చచ్చిపోయిందని వేరేది తగిలించి బటన్ నొక్కాడు. వెనక నుంచి గుర్రుమని చప్పుడొచ్చింది, చక్రం మాత్రం బిగుసుకునే ఉంది.

"మోటరు మంచిగనే ఉంది తమ్మీ. నెలల కొద్ది బ్రేకు మీదనే నిలబెట్టిండ్రు. ప్యాడ్లు తుప్పువట్టి డిస్కుకు అతుక్కున్నయి."

"మేమెయ్యలేదన్నా."

"ఇంజన్ బంద్ చేస్తె గిది తనంతట తానే ఏస్కుంటది."

గడపలో కూర్చున్న పెద్దమ్మ అడిగింది: "వదలమంటే వదుల్తలేదా?"

"లేదమ్మా. గట్టిగ పట్టుకుంది."

"పట్టుకునుండుడు దానికన్నా తెలుసు," అని లోపలికి పోయింది.

కళ్లనీళ్లు రావాల్సిన చోటే. కానీ అప్పుడే మెకానిక్ చక్రం ఊడదీసి సుత్తితో కొట్టడం మొదలుపెట్టాడు. ఆ మోతలో ఏడిస్తే మనకే వినపడదు.

తుప్పు గీకాడు, మళ్లీ బిగించాడు, బ్రేకు వేసి తీసి చూపించాడు. "దీన్ని వాడుతుండాలె. ఎక్కువ దినాలు నిలబెడ్తె బ్రేకు వదిలేసి, గేర్ల పెట్టి, చక్రాలకు రాళ్లు పెట్టుండ్రి," అన్నాడు. తెరిచిన తలుపులోంచి కనపడే గోడ మీది పెద్దనాయన ఫొటో వైపు చూశాను. ఫొటోలో ఆయన ఎప్పటిలాగే ఉన్నాడు. నవ్వడానికి అదేమీ సినిమా కాదు కదా.

సోమశిలలో నది కనపడే ఏటవాలు మీద బండి ఆపి బటన్ లాగాను.

"పడిందా?"

"పడింది పెద్దమ్మా. దీపం చూడు."

"దీపం సంగతి నాకు తెల్వదు." దిగి, షెడ్డు నుంచి తెచ్చి సీటు కింద పెట్టుకున్న రాయి తీసి, చక్రానికి అడ్డం పెట్టి చీర దులుపుకుంది.

గుడికి పోయి, కాసేపు పడవలు చూసి తిరిగొచ్చేసరికి చక్రం దగ్గర ఎవరో యాత్రికురాలు వంగి మొక్కుతోంది. రాయి మీద పసుపు ఇంకా పోలేదు. దాని ముందు బంతిపూలు, కొబ్బరి చిప్పలు, వెలుగుతున్న అగర్బత్తి.

"ఏ దేవుడమ్మా?" అని పెద్దమ్మనే అడిగింది.

"డ్రైవరు."

ఆ యాత్రికురాలు ఏమాత్రం తడుముకోలేదు. "మా ఆయన గూడ డ్రైవరే," అని మరోసారి మొక్కి వెళ్లిపోయింది.

వానాకాలం తర్వాత పెద్దమ్మ నవ్వడం అదే మొదలు. నవ్వీ నవ్వీ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "బతికున్నప్పుడు చాయ్ పోసినోళ్లు లేరు. ఇప్పుడు చూడు, కొబ్బరికాయ!"

నేను రాయి తీయబోతే ఆపింది. "అగర్బత్తి ఆరనియ్."

ముందు సీట్లో కూర్చుంది. నేను స్టీరింగ్ దగ్గర కూర్చున్నాను. ఎదురుగా కృష్ణా నది. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలుగుతోంది.

"మీ పెద్దనాయన ఉంటె గీపాటికి పోదాం పా, పోదాం పా అని హారన్ కొడుతుండె."

"కొట్టమంటవా?"

"వద్దు. జరసేపు ఉందాం."

ఉన్నాం. అగర్బత్తి ఎప్పుడో ఆరిపోయింది. అయినా కూర్చునే ఉన్నాం.

ఆ వారమే వ్యాపారి వచ్చాడు. బటన్ లాగాడు, నొక్కాడు, తృప్తిపడ్డాడు. సీటు కింద చూసి, "గీ రాయేందమ్మా?" అన్నాడు.

"అది బండిది గాదు," అని పెద్దమ్మ చేతిలోకి తీసుకుంది.

బండి సందు మలుపు తిరిగాక ఆమె ఖాళీ షెడ్డులోకి పోయి, వెనక చక్రం ఉండిన చోటే రాయిని పెట్టింది. నాకు నోరు ఊరుకోదు.

"ఇంకేం జారుతదని పెద్దమ్మా?"

"ఉండనీరా. దానికి అలవాటు."