పక్క జట్టులో మా నాయన

మహానంది నుంచి వచ్చి తలంటుకున్నాను. అయినా జడ విప్పితే పొగ వాసనే. పచ్చి కట్టెల పొగ, దానితో కలిసి మాడిన అన్నం వాసన. నిన్న మా పాప స్కౌట్ జట్టువాళ్ళు తల్లిదండ్రులతో కలిసి అక్కడ ఒకరోజు శిబిరం పెట్టుకున్నారు. అన్నం మాడబెట్టింది నేనే, ఎందుకో తర్వాత చెబుతాను. నంద్యాలలో గ్యాసు పొయ్యి మీద వండుకునే నాకు ఆ వాసన తగలగానే సుభద్ర టీచర్ గుర్తొచ్చారు. దాచుకోవడం ఎందుకు, చిన్నప్పుడు ఆవిడ శిబిరంలో నేను పడ్డ కడుపుమంట కూడా గుర్తొచ్చింది.

ఆళ్ళగడ్డలో మా బడిలో ఆవిడ లెక్కలు చెప్పేవారు. శనివారం మధ్యాహ్నాలు మా ఆడపిల్లల గైడ్ల జట్లను నడిపేవారు. పొట్టి మనిషి, పెద్ద గొంతు, మెడలో ఎప్పుడూ ఈల. పిల్లల చేత పని చేయించడం ఎవరికైనా వస్తుంది. ఆవిడ అమ్మానాన్నల చేత చేయించేవారు. శిబిరం దగ్గరపడిందంటే చాలు, గొడుగు వేసుకుని ఇల్లిల్లూ తిరిగేవారు. ఇచ్చిన మజ్జిగ గడపలోనే నిలబడి తాగి, ఎవరేం చేయాలో చెప్పి వెళ్ళిపోయేవారు. వీలవుతుందా అని అడగడం ఆవిడకు అలవాటు లేదు.

మా ఇంటికి వచ్చినప్పుడు నాయన అరుగు మీద పంపుసెట్టు మోటారు విప్పుకుని కూర్చున్నాడు.

“అన్నా, ఆదివారం అహోబిలం రావాల. పొయ్యి మండియ్యల్ల నువ్వు.”

“ఎవురు, నేనా?”

“నువ్వే. నీళ్ళు మోసేకి ఆడోళ్ళను పెట్టినా. వంట మొగోళ్ళది.”

“నాకు పొయ్యి ముట్టిచ్చేది యాడొస్తాది టీచరమ్మా?”

“మోటారు విప్పేటోనికి పొయ్యి రాదా? వస్తాదిలే.”

తలుపు వెనక అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. మా నాయనకు పని పురమాయించిన మనిషిని నేను చూడటం అదే మొదటిసారి. ఆయన కోపిష్టి కాదు, మాటలే తక్కువ. పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని, తిని, పడుకునేవాడు. పక్కన కూర్చోబోతే “పోయి చదువుకోపో” అనేవాడు. అలాంటి మనిషి ఆదివారం పొద్దున్నుంచీ సాయంత్రం దాకా నా పక్కనే ఉంటాడు! నేను గుడారం కట్టడం చూస్తాడు, ఒక్కసారైనా బాగుంది అంటాడు. నాకు కావలసింది అదొక్కటే. వీధంతా చాటింపు వేసుకున్నాను.

దిగువ అహోబిలం బయట మామిడితోటలో దిగాక తెలిసింది టీచర్ పెట్టిన పద్ధతి. ఎవరి అమ్మానాన్నలూ సొంతబిడ్డ జట్టులో ఉండకూడదు. పక్క జట్టుకు పోవాలి. ఇంటి నుంచి తెచ్చిన తిండి కూడా ఆ జట్టుకే. మా నాయన నా క్లాసు పిల్ల లత వాళ్ళ జట్టుకు పోయాడు. లత నాన్న బస్సు డ్రైవరు, ఆయన మా జట్టుకు వచ్చాడు.

ఇక చూడండి. మా నాయన పంచె ఎగగట్టి, నేల మీద మోకాళ్ళేసి, పొయ్యి ఊదుతున్నాడు. కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతుంటే ఆ పిల్లలు విరగబడి నవ్వారు. ఆయనా నవ్వాడు! మా ఇంట్లో ఆయన పళ్ళు కనబడేది పండక్కో పబ్బానికో. తర్వాత డబ్బా మూత తీశాడు. అమ్మ నాకోసమని నెయ్యి దండిగా పోసి చేసిన ఓళిగలు, అవే బొబ్బట్లు. అందరికీ పంచి, లతకు మాత్రం ఇంకొకటి పెట్టి, “తిను తల్లీ” అన్నాడు. తల్లీ! ఆ మాట నన్ను ఎన్నడైనా అన్నాడా? నాకు ఒళ్ళు మండిపోయింది.

తిన్నగా టీచర్ దగ్గరికి పోయాను.

“నన్ను లత వాళ్ళ జట్టులో ఏయండి టీచర్. ల్యాకపోతే మా నాయన్ను మా జట్టుకు పంపండి.”

“ఏందీ, కుళ్ళుకుంటాండావా?”

“ఆయప్ప మా నాయన. నాగ్గావాల.”

ఆవిడ నవ్వలేదు, తిట్టలేదు. నా గడ్డం పట్టుకుని అటు తిప్పారు. “ఆడ చూడు. లత ఏం చేస్తాండాది? ఓళిగ చేతిలో పెట్టుకోని మీ జట్టు పక్కే చూస్తాండాది. వాళ్ళ నాయన నీకు దొరికినాడని దానికీ ఏడుపే. పోమ్మా, పో. ఇంట్లో రోజూ ఆయప్ప నీకు నాయనే కదా. ఈ ఒగ పూట పక్కింటి మనిషి మాదిరి చూడు. ఎట్లాంటోడో తెలుస్తాది.”

ఆవిడ ఎందుకు చెప్పారో నాకెందుకు? నా చెవికి ఎక్కింది ఒక్కటే: లత ఏడుస్తోంది! అంతే, తిరిగొచ్చి దాని నాన్న పక్కనే చతికిలబడ్డాను. ఆయన బస్సు కథలు చెబుతున్నాడు. చాగలమర్రిలో ఒక ముసలమ్మ మేకతో బస్సెక్కిందట. మేకకు టికెట్ తీసుకోమని కండక్టరు అంటే, “దానికి టికెట్టు యాల? అది నిలబడుకోనే వస్తాది కదప్పా” అందట. లతకు వినబడాలని గట్టిగా నవ్వాను. మొదట కావాలని మొదలుపెట్టిన నవ్వు, తర్వాత ఆపుకోలేకపోయాను. ఆయన మేకలా మెడ తిప్పుతుంటే నా కళ్ళలో నీళ్ళు వచ్చాయి.

గుడారం కూడా కట్టాను. నాయన వైపు ఎన్నిసార్లు చూసినా ఆయన చూపు పొయ్యి మీదే.

సాయంత్రం ఆయన బండి వెనక మూతి ముడుచుకుని కూర్చున్నాను. చాలాదూరం వచ్చాక తల తిప్పకుండా అడిగాడు.

“ఆ డ్రైవరప్ప ఏం చెప్పినాడు మే? అట్ల నవ్వితివి?”

“ఏం ల్యా.”

ఇంకాస్త దూరం పోయాక, “మీ గుడారం ఎడమ పక్క గుంజ వంగింది. చూసుకోలేదు నువ్వు” అన్నాడు.

పొద్దంతా నా వైపు చూడలేదు, ఇప్పుడు వంకలు పెట్టడానికి మాత్రం నోరొచ్చిందే అనుకున్నాను. ఆ రాత్రి అన్నం తినకుండా పడుకున్నాను.

ఇన్నేళ్ళకు మా పాప స్కౌట్ మాస్టరు, కుర్రవాడు, శిబిరానికి ఏదైనా కొత్తగా చెప్పండి అని తల్లిదండ్రులను అడిగితే సుభద్ర టీచర్ పద్ధతి గొప్పగా చెప్పింది నేనే. ఆవిడ ఇప్పుడు లేరు. ఉంటే నిలదీసి అడిగేదాన్ని, ఇది పిల్లలకు పెట్టిన పరీక్షా, పెద్దలకా అని. నన్ను పక్క జట్టుకు వేశారు. పాప జట్టుకు ఎవరో కళ్ళద్దాల ఆంటీ వచ్చింది. ఇంట్లో నా ప్రశ్నలకు ఊఁ, ఆఁ అని సరిపెట్టే నా బిడ్డ, ఆ ఆంటీ భుజం మీద పడి పడి నవ్వింది. ఏం చెప్పిందో మహాతల్లి! పరాయి పిల్లలకు వడ్డిస్తున్నాను, నవ్వుతున్నాను, మెడ మాత్రం అటే తిరుగుతోంది. అన్నం మాడింది అప్పుడే.

తిరుగు దారిలో స్కూటీ మీద, తల తిప్పకుండా అడిగాను.

“ఆ ఆంటీ ఏం చెప్పిందే? అంత నవ్వినావు?”

“ఏం లేదమ్మా.”

బండి పక్కకు తీసి ఆపేశాను. పొయ్యి ముందు నుంచి కదలని మనిషికి మా గుడారం గుంజ వంగిందని ఎలా తెలిసింది? అదీ ఎడమ పక్క గుంజ? ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నాకు ఆ ప్రశ్న రాలేదు.

ఇంటికి వచ్చాక ఆళ్ళగడ్డకు ఫోను చేశాను. “నాయనా, ఆ పొద్దు అహోబిలంలో డ్రైవరప్ప ఏం చెప్పినాడని అడిగితివి కదా. చెప్తా ఇను” అని మేక కథ మొత్తం చెప్పాను, ముసలమ్మ గొంతుతో సహా.

ఊఁ కొడుతూ చివరిదాకా విన్నాడు.

“దీనికా మే, అంత నవ్వితివి?” అన్నాడు.

ఆయనకు కుళ్ళు ఇంకా పోలేదు. నాకూ పోలేదు. లతకు పెట్టిన ఆ రెండో ఓళిగ సంగతి ఈసారి ఆళ్ళగడ్డ పోయినప్పుడు అడగాలి.