నైట్ షిఫ్టు నిద్ర చెడకుండా

సర్దార్ కాక పోయాడని కబురు వచ్చినప్పుడు నేను గోదావరిఖనిలో మా స్కూలు గ్రౌండులో ఆడపిల్లలకు వాలీబాల్ నేర్పిస్తున్నాను. ఫోన్ చేసింది ఆయన బిడ్డ. చిన్నప్పటి నుంచీ నేను అక్కా అని పిలిచే మనిషి. "నాయిన పోయిండే. నిద్రలనే పోయిండు. పొద్దుగాల చాయ్ తీస్కపోతే లేవలే" అంది. తర్వాత, "పిల్లలను ఎండల నిలబెట్టినవా? నీడకు తోలు" అని ఫోన్ పెట్టేసింది. తండ్రి పోయిన పొద్దున కూడా ఎవరి పిల్లల గురించో ఆలోచించడం ఆ ఇంటి అలవాటు.

ఆయన మాకు చుట్టం కాదు. మా వెనక లైను క్వార్టర్‌లో ఉండేవాడు. బొగ్గు బాయిలో మైనింగ్ సర్దార్. షిఫ్టు మనుషులు పనిలోకి పోకముందే ఆయన వెళ్ళి, బొగ్గు పైకప్పును కట్టెతో తట్టి, ఆ చప్పుడు విని, బాగుందనిపిస్తేనే అందరినీ రానిచ్చేవాడు. గట్టి కప్పు ఒక రకంగా పలుకుతుందట, డొల్ల కప్పు ఇంకో రకంగా. ఆ చెవిని ఆయన బాయిలో వదిలి వచ్చేవాడు కాదు. పుచ్చకాయ కొన్నా తట్టేవాడు, గోడ కట్టించినా తట్టేవాడు. పెళ్ళిచూపులకు వచ్చినప్పుడు కుర్చీని తట్టి చూసి మరీ కూర్చున్నాడని చిన్నమ్మ చెప్పి మమ్మల్ని నవ్వించేది. చిన్నమ్మ ఆయన భార్య.

అక్క మా కాలనీ జట్టులో అందరికన్నా ఎత్తు ఎగిరేది. ఒక మ్యాచ్‌లో అలాగే ఎగిరి బంతిని కొట్టి దిగింది. ఎవరూ తగల్లేదు, ఎవరూ నెట్టలేదు. మోకాలు లోపలికి వాలింది, ఆమె కూలబడింది. ఏదో పుటుక్కుమన్న చప్పుడు గ్రౌండులో మాకెవరికీ వినపడలేదు గానీ గీత అవతల కూర్చున్న కాకకు వినపడింది. లిగమెంటు తెగిందన్నారు. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయించారు. అక్క నడిచింది, తర్వాత పరుగెత్తింది, స్కూటీ కూడా నడిపింది. నెట్ ముందు మాత్రం మళ్ళీ ఎగరలేదు. ధైర్యం చాలలేదని తనే చెప్పేది.

అప్పుడు కాక మొదట చేసిన పని మేక కాళ్ళ పాయా వండించడం. మేకలు గుట్టలెక్కి దూకుతాయి కదా, వాటికి ఎన్నడన్నా మోకాళ్ళు పోయినయా అని ఆయన లెక్క. ప్రతి ఆదివారం జట్టు మొత్తాన్ని వరసగా కూర్చోబెట్టి గిన్నెలకు గిన్నెలు తాగించాడు. మా ఆటలో ఏ మార్పూ రాలేదు, అందరం కాస్త బరువెక్కాం. అక్కకు కసరత్తు చేయించే దవాఖాన మేడం ఈ సంగతి విని పగలబడి నవ్విందట. పాయా తాగించండి గానీ దిగడం కూడా నేర్పించండి అందట. ఎదిగే వయసు ఆడపిల్లల్లో చాలామంది కాళ్ళు బిగబట్టి దిగుతారు, మోకాళ్ళు లోపలికి వాలతాయి, తెగేది అక్కడే. తొడలకు బలం వచ్చేలా చేసి, మోకాళ్ళు వంచి మెత్తగా దిగడం ముందే అలవాటు చేస్తే పూర్తిగా కాకపోయినా చాలావరకు తప్పించవచ్చని చెప్పింది. కాక పట్టుకున్నది "ముందే" అన్న ఒక్క మాటను. "అవు మరి. కప్పు కూలినంక కట్టె నిలబెడితే ఏం ఫాయిదా" అన్నాడు.

ఆ వారమే చిన్నమ్మ పాత ఇనుప బీరువాకు తలుపు లేకుండా పోయింది. ఆ తలుపు పక్కింటి చాచా కిటికీ ముందు, వేపచెట్టు నీడలో నేల మీద పరిచి ఉంది. చాచా ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ డ్రైవర్. మూడు వారాలకోసారి ఆయనకు నైట్ షిఫ్టు పడేది. పగలు నిద్రపోయేవాళ్ళున్న ఇంటి ముందు గట్టిగా మాట్లాడకూడదని మా కాలనీలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. అలాంటి కిటికీ ముందు, అరుగు మీంచి ఇనుప తలుపు మీదకు దూకాలి. చాచా లేవకూడదు. లేస్తే ఆ రోజు ఆట లేదు. రెండు వారాలు ప్రాక్టీసు, చాచా నైట్ షిఫ్టు వారం మాకు పరీక్ష. చాచా దీనికి ఎలా ఒప్పుకున్నాడని చాలా రోజులు ఆశ్చర్యపోయాను. పాయాలో ఆయనకూ ఒక గిన్నె వెళ్ళేదని తర్వాత తెలిసింది.

కాక మా వైపు వీపు పెట్టి, కళ్ళు మూసుకుని, స్టూలు మీద కూర్చునేవాడు. మేం దూకేవాళ్ళం, ఆయన వినేవాడు. మోకాళ్ళను చూసే పని అక్కది. "మోకాళ్ళు రెండు మొఖాలు చూసుకోవద్దు బిడ్డా. అవి మాట్లాడుకునుడు మొదలువెడితె నీ ఆట ఒడుస్తది. రెండు ముంగటికే చూడాలె" అనేవాడు కాక.

నాకప్పుడు పద్నాలుగేళ్ళు. రామగుండంలో సెలక్షన్ మ్యాచ్ పది రోజుల్లో ఉంది. చాచా నిద్ర లేచాడంటే నన్ను తీసుకుపోనని కాక చెప్పేశాడు. పరీక్ష వారం మొదటి రోజే దూకాను, తలుపు ధడేలుమంది, చాచా లుంగీ సర్దుకుంటూ బయటికి వచ్చాడు. రెండో రోజూ అంతే. మూడో రోజు నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. నేను మంచిగ ఆడుతున్న కద, చప్పుడైతే ఏమైతది అని కాక మీదకు లేచాను. ఆయన తల తిప్పలేదు.

"నేను గూడ మంచిగనే ఆడిన" అంది అక్క.

ఆ రోజు నుంచి ఇంట్లో అద్దం ముందు గుంజీలు తీశాను, ఒంటికాలి మీద నిలబడి పళ్ళు తోముకున్నాను, మోకాళ్ళు ఎటు చూస్తున్నాయో చూసుకుంటూ మెట్లెక్కాను. మా అమ్మ నాకు గాలి సోకిందేమో అనుకుంది. వారంలో చివరి రోజు అరుగు మీంచి దూకి, పిల్లిలా వంగి తలుపు మీద ఆగాను. కాక అలాగే కూర్చున్నాడు. కాసేపటికి విసుగ్గా, "దూకుతవా లేదా?" అన్నాడు.

"దూకిన కాకా" అన్నాను. ఆయన స్టూలు మీంచి లేచి చాచా కిటికీ దగ్గరకు వెళ్ళి, లోపలి గురక విని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

రామగుండం మ్యాచ్‌లో నేను గాల్లో ఉండగా అవతలి పిల్ల నెట్ కిందుగా ఇవతలికి వచ్చింది. ఆమెను తప్పించబోయి ఒంటికాలి మీద దిగాను. మోకాలు వంగింది, ముందుకే చూసింది, నిలబడింది. మ్యాచ్ మాత్రం ఓడిపోయాం, నేను సెలెక్టూ కాలేదు. మేం మొఖాలు వేలాడేసుకుని బస్సెక్కితే కాక కిలో జిలేబీతో ఎక్కి, సర్దార్ షిఫ్టు అయ్యాక మనుషులను లెక్కపెట్టినట్టు మమ్మల్ని వేలితో లెక్కపెట్టాడు. "పది మంది పోయిర్రు. పది మంది వాళ్ళ కాళ్ళ మీద వాళ్ళు వచ్చిర్రు. ఇంకేం కావాలె?" అని బస్సంతా జిలేబీ పంచాడు. ఏ కప్పు గెలిచారని కండక్టర్ అడిగితే ఓడిపోయినం అని గర్వంగా చెప్పాడు.

ఈ రోజు నా దగ్గర ఆడే పిల్లలకు అదే కసరత్తు, అవే మాటలు. నాకంటూ వచ్చిన విద్య ఏదన్నా ఉంటే అది ఆయన పెట్టిన భిక్ష.

కాక పోయిన మూడో రోజు, పిట్టకు ముద్ద పెట్టడం అయిపోయాక నా జట్టు పిల్లలు కాక ఇంటికి వచ్చారు. బీరువా తలుపు గోడకు ఆనించి ఉంది. అక్కా నేనూ దాన్ని పాత చోటే పరిచాం. నేను అరుగెక్కాను. మోకాళ్ళు జాగ్రత్తగానే వంచాను గానీ, అరిపాదాలతో కావాలనే గట్టిగా కొట్టాను. లైనంతా దద్దరిల్లింది. చప్పుడు విని కాక బయటికి రాలేదు. రాడని తెలిసీ అటే చూస్తూ నిలబడ్డాను.

పక్కింటి తలుపు తెరుచుకుంది. చాచా రిటైరై చాలా ఏళ్ళయింది, ఇప్పుడు పగటి నిద్ర అవసరం లేదు. అయినా లుంగీ సర్దుకుంటూ వచ్చి తలుపునూ నన్నూ చూశాడు.

"ఓడిపోయినవ్ బేటీ. ఇయ్యాల నీకు ఆట లేదు. పో, కూసో."

అక్క ఏడుస్తూనే నవ్వింది. నేను వెళ్ళి గోడ పక్కన కూర్చున్నాను. చాచా కాక ఇంట్లోకి పోయి ఆయన స్టూలు తెచ్చి, మాకు వీపు పెట్టి వేసుకుని, కళ్ళు మూసుకున్నాడు. పిల్లలు అరుగు మీద వరసగా నిలబడ్డారు. మొదటి పిల్ల దూకింది, రెండోది దూకింది, మూడోది కూడా దూకింది. చాచా ఇంకా చెవులు రిక్కించి ఎదురుచూస్తూనే ఉన్నాడు.